క్షయక్రిమి మొండితనము – పంచాయతీల కర్తవ్యము
(టైడాలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

 

క్షయ మందులకు లొంగు వ్యాధియే. ఆ మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా లభించుచున్నవి. అయినను కొందరిలో అవి పనిచేయుట లేదు. ఇందుకు కారణము గ్రహించినచో మన కర్తవ్యము సులభముగా బోధపడును.

క్షయను కలిగించునది కంటికి కనరాని క్రిమి. దానిలో సుమారు 4,000 జన్యువులు కలవు. శాస్త్రజ్ఞులు 1998లో వాటిని సంపూర్ణముగా చదివిరి. క్రిమి రెండుగా చీలునపుడెల్ల ఈ జన్యువులకు నకలు తయారగును. దస్తావేజు నకలులో ఒక అక్షరము తప్పినట్లు, ఇందులోను అరుదుగా పొరపాటు దొరలును. దీనినే ఉత్పరివర్తనమందురు. రిఫాంపిసిన్ మందు పట్టుకొను చోటనే మార్పు కలిగినచో ఆ మందు దానికి అంటదు. ఐసోనియాజిడ్ మందును క్రిమియే తన దేహములో విషముగా మార్చుకొని చచ్చును. అట్లు మార్చు జన్యువు చెడినచో మందు వ్యర్థము.

కావున మందు క్రిమిని మార్చుట లేదు. మారిన క్రిమిని మిగుల్చుచున్నది. ఐసోనియాజిడ్‌కు లొంగనిది సుమారు పది లక్షలలో ఒకటి, రిఫాంపిసిన్‌కు లొంగనిది సుమారు పది కోట్లలో ఒకటి పుట్టునని అంచనా. ఊపిరితిత్తులు పుండుపడిన రోగిలో కోట్లకొలది క్రిములుండును. 1948లో ఇంగ్లండులో ప్రకటింపబడిన పరీక్షలో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే పుచ్చుకొన్నవారు తొలుత కోలుకొనిరి; పిదప పలువురిలో క్రిములు ఆ మందుకు లొంగకపోయెను. రెండు మందులకును ఒకేసారి లొంగని క్రిమి పుట్టుట అత్యంత అరుదు. అందుచేతనే నేడు మొదటి రెండు మాసములు నాలుగు మందులు, తరువాతి నాలుగు మాసములు మూడు మందులు కలిపి ఇచ్చుచున్నారు.

రెండు మాసములకే దగ్గు తగ్గును, ఆకలి పుట్టును. రోగి జబ్బు నయమైనదని తలచి మాత్రలు మానును. చోడిచేనిలో కలుపుతీత సగములో విడిచినచో, మిగిలిన కలుపే గింజ రాల్చి మరుసటి ఏట చేనంతయు నిండును గదా! ఇదియు అట్టిదే. ఆ మొండిక్రిమి తుంపరల ద్వారా, ఎన్నడును మందు ముట్టని పసిబిడ్డకును సోకవచ్చును. కనుక రోగిని నిందింపరాదు. ఊరికి దూరము చేయరాదు. 1956లో మదరాసులో స్థాపింపబడిన పరిశోధన కేంద్రము, ఇంటివద్ద క్రమముగా మందులు పుచ్చుకొన్నవారును శానటోరియములోని వారివలెనే కోలుకొందురని 1959లో నిరూపించినది.

సభ్యులకు మా మనవి ఇది. రెండు వారములు మించి దగ్గు ఉన్నవారిని కళ్లె పరీక్షకు పంపుడు. గోవాలో తయారగు ట్రూనాట్ యంత్రము రిఫాంపిసిన్‌కు లొంగని క్రిమిని కొద్ది గంటలలోనే గుర్తించును. అట్టి రోగులకును వేరు మందులు కలవు. 2024లో మన దేశమున ఆమోదింపబడిన ఒక విధానము ఆరు మాసములలో ముగియును.

వానలకు గెడ్డలు పొంగి దారులు తెగకమునుపే మాత్రలు గూడెములకు చేరునట్లు చూడుడు. కూలికి పరదేశము పోవువారు ముందుగా ఆరోగ్య కార్యకర్తకు తెలిపినచో, అచటి ప్రభుత్వ ఆసుపత్రిలోనే మందు కొనసాగును. చికిత్సాకాలమున పోషణకై 2024 నవంబరు నుండి నెలకు 1,000 రూపాయల సాయము నిర్ణయింపబడినది. అది రోగి ఖాతాకు చేరినదో లేదో విచారింపుడు.

వైద్యుడు మందు వ్రాయగలడు. ఆరు మాసములు ఒక్క పూటయు తప్పకుండ చూడగలవారు మాత్రము ఊరివారే.