ఆస్తీకుడు కోరిన వరము



మహాభారతమనగానే మనకు కురుక్షేత్రము స్ఫురించును. కాని ఆదిపర్వమున మొదట వినబడునది సర్పయాగ వృత్తాంతము. దీనినే నేడు ఎన్నుకొనుటకు కారణము కలదు. మన రాయలసీమలోను, పల్నాటిలోను తండ్రుల కక్షలను కుమారులు మోసిన ఇండ్లు మనమెరిగినవే. ఒకప్పటి ఉధృతి నేడు లేకున్నను, ఆ ఇండ్ల దుఃఖము తీరినది కాదు.

వేటలో అలసి దప్పిగొన్న పరీక్షిన్మహారాజు, మౌనవ్రతమున నున్న శమీకమహర్షి బదులు పలుకలేదని కినిసి, చచ్చిన పామును వింటికొనతో ఎత్తి ఆయన మెడపై వేసినాడు. అవమానము పొందినది శమీకుడు. ఆయనకు కోపము రాలేదు! వచ్చినది కుమారుడైన శృంగికి. అదియును తనంత తానుగా రాలేదు. కృశుడను తోటివాడు తండ్రి అవస్థను చెప్పి ఎత్తిపొడువగా వచ్చినది. శృంగి శపించినాడు. శమీకుడు సంతోషింపలేదు సరికదా, కుమారుని మందలించి, గౌరముఖుడను శిష్యుని పంపి రాజును హెచ్చరించినాడు. అయినను తక్షకుని కాటు తప్పలేదు.

అప్పటికి జనమేజయుడు బాలుడు. పెరిగి రాజ్యమేలుచున్న వానియొద్దకు ఉదంకుడు వచ్చి, తండ్రిని చంపిన తక్షకుని విడిచితివేల అని ప్రేరేపించినాడు. ఉదంకునికి తక్షకునిపై సొంత పగ కలదు. గురుపత్నికై తెచ్చుచున్న కుండలములను తక్షకుడు అపహరించియుండెను. గురుభక్తిలో ఆయన గొప్పవాడే, సందేహము లేదు. కాని తన పగకు రాజు పితృభక్తిని సాధనము చేసికొనెనని చెప్పుటకు మేము సంకోచింపము.

రెండు చోట్లను పగబూనినది కుమారుడు, మాట అందించినది వేరొకడు. మన రచ్చబండలయందును ఇట్టివారు కలరు. నీ తండ్రి రక్తము మరచితివా అని యువకుని రెచ్చగొట్టిన పెద్దమనిషి కోర్టు వాయిదాలకు తిరుగడు. ఆయన బిడ్డలు పట్నములో చదువుకొనుచుందురు. మరియొకవైపు, భర్తను పోగొట్టుకొనియు కుమారుని చెవిని ఆ మాట పడనీయక, దూరపు హాస్టలులో చేర్చి చదివించుకొన్న తల్లులు కలరు. ఆ తల్లులకు శమీకుని కథ ఎవరు చెప్పిరి?

ఇక యాగశాలకు వత్తము. తక్షకుని అపరాధమునకు ఏ సంబంధమును లేని సర్పములు వేలకొలది అగ్నిలో పడుచున్నవి. అప్పుడు వచ్చినాడు ఆస్తీకుడు. తండ్రి జరత్కారుమహర్షి, తల్లి వాసుకి చెల్లెలు. ఉభయపక్షములకును చెందిన బాలుడు. వచ్చి రాజును నిందింపలేదు. యాగమును, ఋత్విజులను స్తుతించినాడు. రాజు ప్రీతుడై వరము కోరుకొమ్మనెను. తక్షకుడు ఆకాశమునుండి జారి వచ్చుచుండగా, యాగము ఆగవలెనని బాలుడు కోరెను. బంగారము, వెండి, గోవులు ఇచ్చెదనని రాజు బ్రతిమాలినను ఒప్పుకొనలేదు. ఇచ్చిన మాట చెల్లింపుమని సదస్యులు పలికిరి.

రాజు కోపము తీరలేదు. ముఖ్యశత్రువు చిక్కలేదు. యాగము మాత్రము ఆగినది. పగ తీరిన పిమ్మటనే రాజీ అనువారు ఈ ఘట్టమును మరల చదువవలెను.

జనమేజయుడు ఆస్తీకుని సత్కరించి, తన అశ్వమేధమునకు సదస్యుడవై రమ్మని ఆహ్వానించి సాగనంపెను. మేనమామలు బ్రతికినారన్న వార్తతో ఆ బాలుడు తల్లి యొద్దకు వెడలినాడు. నేటికిని సంధ్యావందనవేళ ఆస్తీకుని మాటను స్మరించి, పాములను తొలగిపొమ్మని వేడుకొను ఆచారము మనలో కలదు.