పంటిలో దాగిన వానలు

మొక్కజొన్న చొప్ప మేసిన ఎద్దు పంటిలో బరువైన కార్బన్-13 వాటా ఎక్కువ. వరిగడ్డి మేసినదాంట్లో తక్కువ. ఎండలకు చెరువు నీరు ఆవిరయ్యేకొద్దీ బరువైన ఆక్సిజన్-18 నీళ్లలో ఎక్కువగా మిగులుతుంది. ఆ నీళ్లు తాగిన పశువు పంటి పింగాణిలోకీ అదే చేరుతుంది. పింగాణి పొరలుగా ఏర్పడుతుంది కాబట్టి, వేల ఏళ్లనాటి పన్నును వరుసగా గీకి పరీక్షిస్తే వానాకాలం, ఎండాకాలం వేరుగా తెలుస్తాయి. ఎముక మట్టిలో త్వరగా మారిపోతుంది, పన్నే నమ్మదగింది.

మన గోదావరి దగ్గరా ఇలాంటి లెక్క ఉంది. నది కలిసేచోట సముద్రపు అడుగు బురదలోని ఆకుల మైనంలోని కార్బన్-13ను పరీక్షించి, సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి ఈ నేల మెల్లగా ఎండుతూ వచ్చిందని 2012లో పరిశోధకులు ప్రకటించారు. గోదావరి ఒడ్డునున్న కోటిలింగాలలో శాతవాహనుల నాణేలు చెలామణి అయిన కాలానికీ ఆ ఎండటం ఆగలేదు. అక్కడి మట్టిలో పశువుల పళ్లు దొరికితే, వాటినీ తప్పక ఇలా పరీక్షించాలి.