అవతారిక, పీఠిక



గ్రంథాలయమునుండి పుస్తకము తీసికొనిపోవువారిలో పెక్కుమంది మొదటి పుటలను దాటివేసి కథ మొదలగు చోటికే పోవుదురు. ఆ పుటలకు మన భాషలో పేళ్లు చాల కలవు: అవతారిక, పీఠిక, ఉపోద్ఘాతము, ప్రస్తావన, తొలిపలుకు, మున్నుడి. ఇవన్నియు నొకటే యనుకొనుట సరికాదు. ప్రస్తావన నాటకమునకు చెందిన మాట. సూత్రధారుడు నటితో మాటలాడుచు కథకు దారితీయు ఘట్టమది. పీఠిక యనగా ఆసనము. విగ్రహమునకు పీఠమెట్టిదో గ్రంథమునకిది యట్టిది. అవతారిక యను మాటలో దిగుట యను అర్థము కలదు. కోనేటి మెట్లు దిగి నీటిని చేరినట్లు పాఠకుడు కావ్యమును చేరును.

పూర్వకావ్యములలో అవతారికను కవియే పద్యములలో వ్రాసెడివాడు. దేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కుకవినింద, కృతిపతి వంశవర్ణనము వరుసగా వచ్చును. వంశవర్ణనములు కొన్ని విసుగు పుట్టించు మాట నిజమే. కాని రాజరాజనరేంద్రుడు కోరగా నన్నయ భారతమును తెనిగింప బూనెననియు, ఆంధ్రవిష్ణువు కలలో కనుపించి యడుగగా శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద వ్రాసెననియు మనకు తెలిసినది అవతారికల వలననే.

అది లేకున్న నేమగునో కదిరి సీమవారు ఎరుగనిది కాదు. ఇచటికి సమీపమున కటారుపల్లెలో వేమన సమాధి యున్నది. ఆయన పద్యములు రానివారు లేరు. అయినను ఆయన జన్మస్థలము, కాలము నేటికిని వివాదములే. వేమన కావ్యము వ్రాయలేదు, కృతిపతిని ఆశ్రయింపలేదు, అవతారిక చెప్పలేదు. ఊరు, కులము తెలుపు పద్యములు ఒకటి రెండు దొరికినను, అవి ఆయనవేనా యనునదే అసలు తగవు. మకుటము తగిలించి ఇతరులల్లినవియు ఆయన పేరనే చెల్లుచున్నవి.

కవి చెప్పనిదానిని అప్పుడు సంపాదకుడు పీఠికలో చెప్పవలసివచ్చును. బ్రౌను దొర వ్రాతప్రతులు సేకరించి, పద్యములనేరి, 1829లో మదరాసున ఆంగ్లానువాదముతో అచ్చువేయించి, దానికి పీఠికయు వ్రాసెను. అనంతపురము జిల్లావారగు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వేమనపై ఉపన్యసించినపుడు, కవిని పద్యములలోనే వెదకుకొనవలసివచ్చినది. పీఠిక లేని చౌకప్రతి చేతికి వచ్చినచో, అందలి పద్యములను ఎవరేరిరో, ఏ ప్రతులనుండి తీసిరో తెలియు దారి లేదు.

అట్ట ఊడిన పుస్తకములో ముందుగా చిరుగునవి ఈ పుటలే. బైండు చేయువాడు వానిని చిత్తుకాగితములనుకొని తీసివేయకుండ, గ్రంథపాలకుడు దగ్గర నిలిచి కుట్టించుకొనవలెను.