గులాం అహ్మద్: మనం మరిచిపోయిన హైదరాబాదీ కెప్టెన్

వరంగల్ నుంచి మాట్లాడుతున్నాను. మొన్న సాయంత్రం హన్మకొండలో పిల్లలు నెట్ ప్రాక్టీసు చేస్తుంటే కాసేపు నిలబడ్డాను. "ఇందులో ఆఫ్ స్పిన్ వేసేవాళ్ళు ఎవర్రా?" అని అడిగితే ఒకే ఒక్క చెయ్యి లేచింది. "హైదరాబాద్ నుంచి ఇండియా కెప్టెన్ అయింది ఎవరు?" అంటే మాత్రం అందరూ ఒక్కసారే అజారుద్దీన్ అన్నారు. నిజమే. కానీ ఆయనకంటే చాలా ముందే ఇంకొకాయన ఉన్నారు. ఆయనే గులాం అహ్మద్. ఈ రోజు ఆయన గురించే.

1922లో హైదరాబాద్‌లో పుట్టారు. పొడగరి, ఆఫ్ స్పిన్నర్. పదిహేడేళ్ళకే హైదరాబాద్ తరఫున రంజీ ఆడారు. 1948 చివర్లో కలకత్తాలో వెస్టిండీస్ మీద మొదటి టెస్టు.

ఒక లెక్క చెప్తా వినండి. ఇవాళ టెస్టుల్లో రోజంతా కలిపి వేయాల్సింది 90 ఓవర్లు. 1950-51 రంజీలో హోల్కర్ మీద, ఒక్క ఇన్నింగ్స్‌లో గులాం అహ్మద్ ఒక్కరే 92 ఓవర్ల 3 బంతులు వేశారు. అంటే 555 బంతులు! 245 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీశారు. స్కోరుకార్డులో చూస్తే "అబ్బా, ఎన్ని పరుగులిచ్చాడో" అనిపిస్తుంది. ఆ భుజం ఎంత పని చేసిందో మాత్రం అందులో కనపడదు.

1952లో ఢిల్లీలో పాకిస్తాన్‌తో మన మొదటి టెస్టు. 263 పరుగులకే తొమ్మిది వికెట్లు పోయాయి. చివర్లో వచ్చిన ఈయన, హేమూ అధికారితో కలిసి 109 పరుగులు జోడించారు. అందులో ఈయనవి సరిగ్గా 50. ఆఖరి వికెట్‌కి మనవాళ్ళ రికార్డుగా అది 2004 దాకా నిలిచింది. ఆ టెస్టు మనమే గెలిచాం. 1956లో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద 49 పరుగులకి ఏడు వికెట్లు, మ్యాచ్ మొత్తంలో పది. అయినా మన బ్యాటింగ్ రెండుసార్లూ 136కే కూలింది. ఓడిపోయాం.

ఇక కెప్టెన్సీ. 1955లో ఫతే మైదాన్‌లో, హైదరాబాద్‌లో జరిగిన మొట్టమొదటి టెస్టుకి సొంత ఊరివాడే కెప్టెన్. అది డ్రా. 1958-59లో వెస్టిండీస్ వచ్చినప్పుడు ఒకే సిరీస్‌లో మనకి నలుగురు కెప్టెన్లు మారారు. ఈయన నాయకత్వంలో కాన్పూర్‌లో ఓడాం, కలకత్తాలో ఇన్నింగ్స్ 336 పరుగులతో చిత్తుగా ఓడాం. అంతే, టెస్టు క్రికెట్‌కే సెలవు చెప్పేశారు. 22 టెస్టులు, 68 వికెట్లు.

నాకు బాధనిపించేది ఇక్కడే. ఓటమి అయితే కెప్టెన్ పేరు మీద రాస్తాం. రోజుల తరబడి వేసిన ఓవర్లని ఎవరి ఖాతాలోనూ రాయం. ఆయన మాత్రం ఆటని వదిలి పోలేదు. తర్వాత బోర్డు సెక్రటరీగా చేశారు. 1983లో ప్రపంచ కప్ గెలిచిన జట్టుని ఎంపిక చేసిన కమిటీకి ఆయనే చైర్మన్. 1998లో కన్నుమూశారు.

మొన్న చెయ్యెత్తిన ఆ బాబుకి ఆయన పేరు చెప్పి, ఆ 555 బంతుల సంగతి చెప్పాను. "అన్ని బంతులా సార్!" అని మళ్ళీ బంతి అందుకున్నాడు. మీ ఇంట్లో స్పిన్ వేసే పిల్లలుంటే మీరూ చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.