షేతు హేబెలు కాడు

 ఈ ఉదయం మన ధ్యానానికి ఆదికాండము 4వ అధ్యాయము 25వ వచనము తీసుకున్నాను. బైబిలు దగ్గరున్నవారు తెరిచి పెట్టుకోండి. చదవడం కాస్త తర్వాత. ముందు ఒక ఉత్తరం సంగతి మనవి చేయాలి.

కళాశాలలో జంతుశాస్త్రం బోధించే ఒక సహోదరుడు ఈ కార్యక్రమం వింటూ ఉంటారట. ఆయన రెండు ప్రశ్నలు రాశారు. మనిషిని క్లోనింగ్ చేయడం పాపమని ఆర్.సి.ఎం. వారు గట్టిగా చెబుతారు, వారు విజ్ఞానశాస్త్రానికి వ్యతిరేకులా? ఇది మొదటిది. మన సంఘాలు దీని గురించి నోరు మెదపవేం? ఇది రెండవది. రెండవదానికి జవాబు సులువు. మనకు తీరిక లేదు. కమిటీ ఎన్నికలు, స్థలాల తగాదాలు, కన్వెన్షన్ పందిళ్లు, వీటితోనే సంవత్సరం గడిచిపోతోంది. మొదటిదానికి మాత్రం నిదానంగా జవాబు చెప్పాలి.

నేను ప్రొటెస్టెంటు కాపరిని. పోపుగారి అధికారం గురించి, మరియమ్మ గారికి చేసే ప్రార్థనల గురించి వారికీ నాకూ పొసగదు. అది దాచను. అయినా ఈ విషయంలో వారు చేసినంత ఆలోచన మనం చేయలేదు. నేను వేదాంత కళాశాలలో ఉన్నప్పుడు వారి పత్రాలు పరీక్ష కోసం చదివాను, పరీక్షతోపాటే మరచిపోయాను. మళ్లీ వాటిని తెరిపించింది మా సంఘంలోని ఒక తల్లి.

ఆమెకు ఎనిమిదేళ్ల కూతురు ఉండేది. డెంగీ జ్వరం వచ్చి ఐదు రోజుల్లో వెళ్లిపోయింది. సమాధి కార్యక్రమం నేనే జరిగించాను. రెండు నెలల తర్వాత ఒక సాయంకాలం ఆమె మా ఇంటికి వచ్చింది. కొంగు ముడిలోనుండి పాప దువ్వెన తీసింది. దానికి వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. "అయ్యగారూ, ఎక్కడో విదేశంలో చనిపోయిన కుక్కను మళ్లీ పుట్టించారని టీవీలో చూపించారు. ఇందులోనుంచి నా బిడ్డను పుట్టించరా?" అని అడిగింది.

నేనేమన్నానో తెలుసా? "అమ్మా, అది దేవుని పనిలో చేయి పెట్టడం. అలాంటి తలంపు రానియ్యకు" అన్నాను. ఆమె మారుమాట లేకుండా దువ్వెన ముడి వేసుకుని వెళ్లిపోయింది. మూడు ఆదివారాలు గుడికి రాలేదు. మా ఇంట్లో అమ్మగారు నన్ను ఒకటే మాట అడిగింది: "ఆమె అడిగింది దేవుని పని గురించా, బిడ్డ గురించా?"

అప్పుడు మళ్లీ చదవడం మొదలుపెట్టాను, దేవుని బిడ్డలారా.

క్లోనింగ్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. స్కాట్లాండులో, ఎడిన్‌బరో దగ్గర రోస్లిన్ సంస్థలో 1996 జూలై 5న డాలీ అనే గొర్రెపిల్ల పుట్టింది. ఆరేళ్ల గొర్రె పొదుగులోని ఒక కణం తీసుకున్నారు. మరో గొర్రె అండంలోనుండి కేంద్రకాన్ని తొలగించారు. ఆ రెంటినీ విద్యుత్తుతో కలిపారు. ఆ పిండాన్ని ఇంకొక గొర్రె గర్భంలో పెంచారు. తండ్రి లేడు. 277 అండాలతో ప్రయత్నిస్తే 29 పిండాలు గర్భంలో పెట్టడానికి పనికివచ్చాయి, పుట్టి బ్రతికింది ఒక్కటే. మన దేశంలో కర్నాల్‌లోని పాడి పరిశోధన సంస్థవారు 2009 ఫిబ్రవరిలో గేదెదూడను ఇలాగే పుట్టించారు, అది కొద్ది రోజులకే చనిపోయింది. అదే ఏడాది జూన్‌లో గరిమ అనే దూడ పుట్టింది. 2018లో చైనావారు రెండు కోతిపిల్లల సంగతి ప్రకటించారు. మనిషిని మాత్రం ఈ రోజుకీ ఎవరూ ఇలా పుట్టించినట్టు రుజువు లేదు. 2002 డిసెంబరులో ఒక విచిత్రమైన మత గుంపువారు పుట్టించామని చాటుకున్నారు గాని, బిడ్డను చూపించలేదు.

277లో ఒకటి. గొర్రెల్లోనే ఇంత నష్టమైతే స్త్రీల గర్భాలతో ఆ లెక్క ఊహించండి. ఇది ప్రమాదకరమని నాస్తికులు కూడా ఒప్పుకుంటారు. సరే, యాభై ఏళ్ల తర్వాత ప్రమాదం లేని పద్ధతి వచ్చిందనుకోండి. అప్పుడు చేయవచ్చా? మనలో చాలామంది వాదం అక్కడ ఆగిపోతుంది. కాథలిక్కుల వాదం అక్కడ మొదలవుతుంది.

1987లో రోములోని విశ్వాస సిద్ధాంత విభాగం "దోనుం వీటే" అనే పత్రం వెలువరించింది. జీవమనే వరము అని దాని అర్థం. అప్పటికి డాలీ పుట్టడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది. అయినా క్లోనింగ్ ప్రస్తావన అందులో ఉంది. వారు చెప్పేది ఇది: బిడ్డ తలిదండ్రుల ప్రేమకు ఫలముగా రావాలి, ప్రయోగశాలలో తయారైన వస్తువుగా రాకూడదు. బిడ్డను కనే హక్కు అంటూ ఎవరికీ లేదు, ఎందుకంటే హక్కుగా పొందేది వస్తువు. బిడ్డ వరము.

ఇది మనకు కొత్త కాదు, ప్రియులారా. నైకయ విశ్వాస ప్రమాణంలో కుమారుని గూర్చి మనం ఏమని ఒప్పుకుంటున్నాము? ఆయన తండ్రివలన జనించినవాడనీ, చేయబడినవాడు కాడనీ గదా. ఆ తేడాను పట్టుకునే ఆంగ్లికన్ వేదాంతి ఆలివర్ ఓడొనొవన్ 1984లో ఒక చిన్న పుస్తకం రాశారు. మనం కన్నది మనతో సమానం. మనం చేసినది మన చేతి క్రింద ఉంటుంది. కుండ కుమ్మరికి సమానం కాదు, కుమ్మరి కొడుకు సమానం. కొడుకు కుండ పగలగొట్టి పట్నం పోయి కండక్టరు ఉద్యోగం చేసుకున్నా తండ్రి ఒప్పుకోక తప్పదు!

ఇప్పుడు ఆ తల్లి దువ్వెన దగ్గరకు వద్దాం. చనిపోయిన కూతురికి నకలుగా ఒక బిడ్డను పుట్టించామనుకోండి. ఆ బిడ్డ ఏ పని మీద ఈ లోకానికి వచ్చినట్టు? అక్కలాగా నవ్వాలి. అక్కకు ఇష్టమైన గారెలు తనకూ ఇష్టం కావాలి. లెక్కలలో అక్క మొదటిదైతే తానూ మొదటిది కావాలి. పుట్టకముందే ఆమె బ్రతుకు వేరొకరు బ్రతికేసి వెళ్లారు. 2008లో రోము నుండి వచ్చిన "దిగ్నితాస్ పెర్సోనే" అనే పత్రం దీనిని ఒక విధమైన దాస్యమని పిలిచింది, శరీర నిర్మాణంలోనే పెట్టిన దాస్యము. ఒక మనిషి రూపురేఖలను మరొక మనిషి ముందే నిర్ణయించి పెడితే మనుష్యులంతా సమానులనే మాట అక్కడే చెడుతుందని వారి వాదన. నాకు అందులో లోపం కనబడలేదు.

పోనీ, ఆ దాస్యం ఫలించి తల్లికి పాత బిడ్డ తిరిగి దొరుకుతుందా అంటే అదీ లేదు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో 2001 డిసెంబరులో సీసీ అనే పిల్లిపిల్లను క్లోనింగ్‌తో పుట్టించారు. తల్లి అనుకోండి, మూలం అనుకోండి, ఆ పిల్లి పేరు రెయిన్‌బో. దాని ఒంటిమీద తెలుపు, నలుపు, నారింజ రంగుల మచ్చలుండేవి. సీసీకి నారింజ రంగు రానే లేదు! జన్యువులన్నీ అవే, పిల్లి వేరు. మన ఇళ్లలో ఒకే పోలికతో పుట్టే కవలలను చూడండి. వారి జన్యువులు ఒక్కటే. అయినా ఒకడికి ఆకలేస్తే రెండోవాడికి కడుపు నిండదు. ఒకడు మారుమనస్సు పొందితే రెండోవాడు రక్షింపబడినట్టు కాదు. 1997లో పోపుగారి జీవ అకాడమీ కూడా ఇదే చెప్పింది: శరీరానికి నకలు తీయవచ్చునేమో గాని ఆత్మకు నకలు లేదు, అది దేవుడు ఒక్కొక్కరికి నేరుగా ఇచ్చేది.

ఇందులో మరొక మాట దాగి ఉంది, దాన్ని మనం మరచిపోకూడదు. రేపు ఎవరైనా తప్పుచేసి అలాంటి బిడ్డను పుట్టిస్తే ఆ బిడ్డ దయ్యపు బిడ్డ కాదు, సగం మనిషీ కాదు. దేవుని స్వరూపమందు ఉన్న మనిషే. పుట్టించిన విధానం తప్పు, పుట్టిన బిడ్డ తప్పు కాదు. 1978లో ఇంగ్లండులో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ లూయీస్ బ్రౌన్ పుట్టినప్పుడు వెనిస్ కార్డినల్ అల్బీనో లూచియానీ ఆ పద్ధతిమీద తన సందేహాలు దాచుకోలేదు గాని ఆ పాపకు శుభాకాంక్షలు చెప్పారు, తలిదండ్రులను దూషించలేదు. కొద్ది వారాలకే ఆయన మొదటి జాన్ పాల్ పోపు అయ్యారు.

టెస్ట్ ట్యూబ్ అన్నాను గనుక నాకున్న ఇబ్బంది కూడా చెప్పాలి. కాథలిక్ బోధ దానినీ ఒప్పుకోదు. భార్యాభర్తల స్వంత కణాలతోనైనా సరే కూడదంటుంది. నేను అంత దూరం వెళ్లలేకపోతున్నాను. మా సంఘంలో అలా పుట్టిన పిల్లలున్నారు. వారి తలమీద చేయి ఉంచి ప్రార్థించాను, ఆ తల్లులు పదేళ్లు కార్చిన కన్నీరు చూశాను. హన్నా ఎంత ఏడ్చిందో వీరూ అంతే ఏడ్చారు. అయితే ఒక ఆర్.సి.ఎం. ఫాదర్ గారు నన్ను అడిగిన ప్రశ్నకు ఇంతవరకు జవాబు దొరకలేదు: "పాస్టరు గారూ, ఆ ఆసుపత్రుల్లో గడ్డకట్టించి పెట్టిన మిగిలిన పిండాలు ఎవరి పిల్లలు?" అలాంటి చికిత్సకు వెళ్లే దంపతులు నా దగ్గరకు వస్తే ఇప్పుడు ఆ ప్రశ్న వారికి కూడా చెప్పి పంపుతున్నాను.

పిండాల మాట వచ్చింది గనుక "చికిత్స కోసం క్లోనింగ్" అనే దాని గురించి చెప్పి ముగిస్తాను. బిడ్డను పుట్టించరు. రోగి కణంతో పిండాన్ని చేసి, కొద్ది రోజులు పెంచి, దానిలోని మూలకణాలు తీసుకుంటారు. పిండం నశిస్తుంది. ఇది మంచి క్లోనింగ్ అనీ, బిడ్డను పుట్టించేది చెడ్డ క్లోనింగ్ అనీ లోకం విడదీసింది. 2005 మార్చిలో ఐక్యరాజ్య సమితి క్లోనింగ్‌కు వ్యతిరేకంగా ప్రకటన చేసినప్పుడు 84 దేశాలు అనుకూలంగా, 34 వ్యతిరేకంగా ఓటు వేశాయి. ఈ రెంటినీ విడదీయలేదన్న కారణంతో మన భారతదేశం వ్యతిరేకించింది. రోము వారు దీనిని తలక్రిందులు చేసి చెబుతారు: రెండింటిలో చికిత్స పేరుతో చేసేదే ఎక్కువ ఘోరము, ఎందుకంటే అక్కడ చంపడానికే పుట్టిస్తున్నారు. మొదట విన్నప్పుడు నాకు కటువుగా తోచింది. మంచం పట్టిన రోగి ఎదుట ఈ మాట అనగలమా? ఆ రోగి బాధను తేలిక చేసేవాడు కాపరి కాడు. కాని ఒకరి ప్రాణానికి మరొకరిని ఖర్చు పెట్టవచ్చా అన్న ప్రశ్న మంచం ప్రక్కన నిలబడినా మారదు.

ఆ ఖర్చు పిండాలతో ఆగలేదు కూడా. దక్షిణ కొరియాలో హ్వాంగ్ ఊ సుక్ అనే శాస్త్రవేత్త 2004లో, 2005లో ఘనంగా ప్రకటించినవి కల్పితమని తేలి 2006లో ఆ వ్యాసాలను పత్రిక రద్దు చేసింది. అప్పటికే ఆ పనికోసం స్త్రీల నుండి రెండు వేలకు పైగా అండాలు సేకరించారు. వారిలో ఆయన దగ్గర పనిచేసే యువతులు కూడా ఉన్నారు. ఆయనకు కాదనగలిగారా వాళ్లు? 2006లోనే జపాను శాస్త్రవేత్త యమనాకా, పిండాన్ని ముట్టకుండా ఎలుక చర్మ కణాలనే మూలకణాలుగా మార్చి చూపించారు, మరుసటి ఏడాది మనిషి కణాలతోనూ చేశారు. 2012లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మార్గాన్ని కాథలిక్ నాయకులు సంతోషంగా ఆహ్వానించారు. విజ్ఞానశాస్త్రానికి వారు వ్యతిరేకులా అని అడిగిన సహోదరునికి ఇదే నా జవాబు.

ఇప్పుడు వాక్యం తెరవండి. హేబెలు చనిపోయాడు. హవ్వ మళ్లీ గర్భవతియై కుమారుని కన్నది. హేబెలుకు ప్రతిగా దేవుడు తనకు ఇంకొక సంతానం ఇచ్చాడని ఆమె అనుకున్నది. ప్రతిగా అన్నది, నిజమే. ఆ మాటలో తల్లి గుండె ఉంది. కాని పేరు పెట్టేటప్పుడు చూడండి, హేబెలు అని పెట్టలేదు. షేతు అన్నది. మన ఇళ్లలో ఒకరు పోయి ఒకరు పుడితే "మళ్లీ మా నాన్నే పుట్టాడు" అంటాం, పోయిన పిల్ల పేరే వచ్చిన పిల్లకు పెడతాం. ప్రేమతోనే చేస్తాం. హవ్వ చేయలేదు. దావీదును చూడండి. బిడ్డ పోయిన తర్వాత, తానే వాని యొద్దకు వెళ్లాలి గాని వాడు తన యొద్దకు తిరిగి రాడని ఒప్పుకున్నాడు. తర్వాత పుట్టినవానికి సొలొమోను అనే పేరు, వానికి వాని బ్రతుకు.

నాలుగవ ఆదివారం నేనే ఆ తల్లి ఇంటికి వెళ్లాను. ముందు క్షమించమని అడిగాను. క్లోనింగ్ గురించి మాట్లాడలేదు. పాప గురించి చెప్పమన్నాను. రెండు గంటలు చెప్పింది. బడికి రెండు జడలు వేసేదట, ఒకటి ఎప్పుడూ వదులైపోయేదట. దువ్వెనలోని వెంట్రుకలో జీవకణం ఉండదని, దానితో ఏమీ చేయలేరని చివర్లో మెల్లగా చెప్పాను. "తెలుసు అయ్యగారూ, మా తమ్ముడు చెప్పాడు" అన్నది.

మూడేళ్లకు ఆమెకు ఆడపిల్ల పుట్టింది. ప్రతిష్ఠ ఆరాధనలో బిడ్డను చేతుల్లోకి తీసుకుని పేరు అడిగాను. అత్తగారు ముందుకు వచ్చి పెద్దపిల్ల పేరు చెప్పింది. గుడి అంతా ఆమెన్ అనబోతోంది. తల్లి తల అడ్డంగా ఊపి, "కాదత్తయ్యా, అది అక్క పేరు" అని చెప్పి, వేరే పేరు చెప్పింది. నేను ఆ పేరుతోనే ప్రార్థించాను.

బిడ్డలను పోగొట్టుకున్నవారు ఈ ఉదయం వింటూ ఉంటే నాతో కలిసి తలలు వంచండి.

పరలోకమందున్న మా తండ్రీ, దువ్వెనలు, చిన్న చొక్కాలు, బడి సంచులు బీరువాల్లో దాచుకున్న తలిదండ్రులను నీవు ఎరుగుదువు. ఆ పిల్లలు ఒక్కొక్కరు నీకు పేరుపేరున తెలుసు. వారిని నీ యొద్ద భద్రపరచుము. ఈ ఇళ్లలో ఉన్నవారిని ఈ దినమంతా ఆదరించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.