కడలికీ కావలి, చెరువుకూ కావలి
(యుగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణంలో వానల సంగతి, పంటల సంగతి విన్నాం. నీటిని కనిపెట్టి ఉండే సాధనాలను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలాదిమంది పోయారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మన తీరానికి ముందుగా చెప్పే ఏర్పాటే లేదు. ఆ దెబ్బతో మేలుకొని 2007లో హైదరాబాదులోని మహాసముద్ర సమాచార కేంద్రంలో హెచ్చరిక విభాగం నెలకొల్పారు. సముద్రం అడుగున ఉంచిన యంత్రం తన మీది నీటి బరువును సదా తూస్తుంటుంది. తేడా కనబడగానే పైన తేలే బోయాకు, బోయా ఉపగ్రహానికి, ఉపగ్రహం ఒడ్డుకు వార్త చేరవేస్తాయి. 2022 నవంబరు 26న శ్రీహరికోట నుండి ఎగసిన ఓషన్‌శాట్ నీటి రంగును చూస్తుంది. పచ్చదనమున్న చోట సూక్ష్మమైన నాచు ఉంటుంది. దానికోసం చేపలు చేరతాయి. ఇటువంటి జాడలు జాలరులకు అందుతున్నాయి.

సముద్రానికి ఇంత కావలి ఉన్నది. మరి మన ఇంటి ప్రక్క చెరువుకో? బెల్లందూరు చెరువు 2015లోను, 2017లోను, 2018లోను అంటుకొన్నది. నీళ్లు మండటమా అని లోకం విస్తుపోయింది. 2016 మార్చిలో హలసూరు చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. మురుగు చేరితే, దానిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి. చేపల పెంపకానికి లీటరుకు 4 మిల్లీగ్రాములైనా ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. గుర్రపుడెక్క ఎంతమేర కప్పిందో ఉపగ్రహం చెప్పగలదు గాని, ఈ లెక్క చెప్పలేదు. నీటిలో సాధనం ముంచి చూడవలసిందే.

ఇది ఒక్క చెరువుతో పోయేది కాదు. బెల్లందూరు నీరు వర్తూరుకు, అక్కడినుండి దక్షిణ పినాకినికి, ఆపైన హోసూరు దగ్గరి కెలవరపల్లి జలాశయానికి చేరుతుంది. ఆ ప్రాంతాన మన తెలుగు రైతులూ ఉన్నారు. మన ఇళ్ల సబ్బునీరే వారి మడికి పారుతున్నది.

పూర్వం చెరువుకొక మనిషి ఉండేవాడు. తెలంగాణంలో నీరడి, ఇక్కడ నీరుగంటి. తూము తీయడం, కట్ట చూడడం, నీరు పంచడం ఆయన పని. నగరం పెరిగి పొలాలు పోయాక ఆయనతో పనిలేకపోయింది. చెరువును రోజూ చూసే కన్ను పోయింది.

ఆ పని కొంతైనా మనం చేయవచ్చు. 1865లో ఇటలీ దేశపు మతాచార్యుడు ఏంజెలో సెక్కి తెల్లని పళ్లెం ఒకటి త్రాటితో నీటిలోకి దింపి, ఎంత లోతున కంటికి మరుగవుతుందో కొలిచాడు. నేటికీ శాస్త్రజ్ఞులు దానిని వాడుతున్నారు. మన సంఘపు యువకులు ఒక చెరువును ఎన్నుకొని, అనుమతి పొంది, పెద్దల తోడుతో నెలకొకసారి ఆ లోతు కొలవాలి. నీటి రంగు, వాసన, నురుగు తేదీతో సహా పుస్తకంలో వ్రాయాలి. వట్టి ఫిర్యాదుకు అధికారులు ఊఁ కొట్టి ఊరుకోవచ్చు. పన్నెండు నెలల లెక్క ముందుంచి అడిగితే త్రోసివేయడం కష్టం.

పేరు ఇవ్వదలచిన యువకులు కార్యదర్శిగారిని కలుసుకోవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.