నీటితొట్టికి కాపలా

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతములలో గృహస్థునకు తెల్లవారకముందే తగులు చింత నీటిది. నాగార్జునసాగర్ జలాశయమునుండి తోడిన కృష్ణాజలము కోదండాపురమున శుద్ధియై, 2004వ సంవత్సరమునుండి సాహెబ్‌నగర్ మీదుగా నగరమునకు వచ్చుచున్నది. కుళాయినీరు మొదట నేలలోని సంపునకు చేరును. అచ్చటినుండి మోటారు దానిని మేడమీది ట్యాంకునకు ఎక్కించును. హాస్టళ్లు క్రిక్కిరిసిన ఆ వీధులలో మీట వేయువారొకరు, తీయ మరచువారింకొకరు. ట్యాంకు పొర్లినచో ఇరుగుపొరుగువారైనను కేకవేయుదురు. సంపు ఎండినపిదప మోటారు ఊరక తిరిగి కాలిపోవుట మాత్రము ఎవరికిని కనబడదు.

ఈ కాపలాకు చౌకయైన సాధనమొకటి కలదు. చీనాదేశమున షాంఘై నగరపు ఎస్ప్రెసిఫ్ సంస్థ చేసిన ఇ.ఎస్.పి. 8266 అను చిప్పు 2014లో వెలుగులోనికి వచ్చినది. గోరంత తునకలో చిన్న గణకయంత్రమును, వైఫై రేడియోయును ఇమిడియున్నవి. మీ యింటి రేడియో తరంగములను అందుకొనును. ఇది అందుకొనుటయే కాక పంపును గూడ. దిల్‌సుఖ్‌నగరున మెట్రో ఎక్కి ఉస్మానియా వైద్యకళాశాల స్టేషనులో దిగినచో, కోఠీ గుజరాతీ గల్లీలో ఇట్టి సామగ్రి లభించును.

ట్యాంకు మూతక్రింద మోటారుకార్ల వెనుక అమర్చునట్టి సెన్సారును బిగింతురు. మన చెవికి వినబడని ధ్వనిని అది నీటిమీదికి పంపి, ప్రతిధ్వని వచ్చు వ్యవధిని లెక్కించును. నీరు మీటరు లోతున నున్నచో ఆ వ్యవధి సెకనులో వేయింట ఆరు పాళ్లు. ఇరువది సెంటీమీటర్లకంటె దగ్గరి దూరమును అది సరిగా కొలువజాలదు. కావున నిండునీటికి ఆమాత్రము ఎత్తున నుంచవలెను. సంపునకు ఇంత హంగు అనవసరము. సామాన్యమైన ఫ్లోటు స్విచ్చి చాలును.

ఇక మోటారును ఆపు నిర్ణయము ఎవరిది? అంగళ్లలో దొరకు పరికరములు కొన్ని దూరదేశపు సర్వరును అడిగి గాని మీట కదల్పవు. 2022 ఏప్రిల్‌లో అమెరికాలోని ఇన్‌స్టియాన్ సంస్థ సర్వర్లు హఠాత్తుగా ఆగిపోగా, వాటిని నమ్మినవారి యిండ్లలో ఎన్నో సౌకర్యములు స్తంభించినవి. హోమ్ అసిస్టెంట్, ఇ.ఎస్.పి. హోమ్ వంటి ఓపెన్ సోర్సు ప్రోగ్రాములు మన యింటి పాత కంప్యూటరుపైననే నడచును. వాటి మూలపాఠమును ఎవరైనను చదివి సవరించుకొనవచ్చును. అయినను ఆపు ఆజ్ఞను ఆ కంప్యూటరునకు సైతము విడువరాదని నా అభిప్రాయము. అది మోటారువద్ద నున్న చిప్పులోనే యుండవలెను: ట్యాంకునుండి నిమిషముపాటు వార్త రాకున్న ఆగుము, సంపు ఫ్లోటు దిగిన ఆగుము, అరగంట దాటిన ఆగుము. ఇంటి సర్వరు పదునైదు నిమిషములు పలుకనిచో ఇ.ఎస్.పి. హోమ్ చిప్పును తిరిగి ప్రారంభించును. అట్లు లేచునపుడు రిలే ఆగియుండునట్లు ముందే వ్రాసియుంచవలెను.

చిప్పు 3.3 వోల్టులది, ఇంటి కరెంటు 230 వోల్టులది. మోటారు కదలునపుడు లాగు కరెంటును చిన్న రిలే తాళజాలదు. నడుమ కాంటాక్టరు ఉండవలెను. ఆ పని తెలిసిన ఎలక్ట్రీషియనుదే గాని ఉత్సాహవంతులైన పిల్లలది కాదు. పాత చేతిమీటను పీకివేయకుడు.

అంతయు అమర్చినపిదప, మోటారు నడుచుచుండగా వైఫై పెట్టె తీగను ఊడదీసి గడియారము చూడుడు. నిమిషములో మోటారు ఆగవలెను. ఆగనిచో, సరిచేయువరకు చేతిమీటతోనే నడుపుకొనుడు.